ఇసకతో రుద్దిన ఊదాపూస

ఓడలరేవు పడవలో చేపలమ్ముకునే ఒక పెద్దావిడ నా పూస మార్చేసిందని ఇరవై ఏళ్లుగా మా ఊళ్లో చెబుతున్నాను. అది అబద్ధం.

అప్పట్లో నేను ఊరూరా తిరిగి పూసలు అమ్మేవాణ్ణి. మెత్తరాతితో చేసిన ఊదాపూసల్ని స్ఫటికమని చెప్పి ఆవిడకు చూపించాను. ఆవిడ ఒక పూస తీసుకుని, పడవ అడుగునున్న తడి ఇసకతో గట్టిగా రుద్దింది. కొనేముందు అక్కడి ఆడవాళ్లు అలాగే చూస్తారట.

"మా మెళ్లో పడ్డది ఇసకలోనే బతకాలి కదండీ," అంది నవ్వుతూ.

పూస గీతలుపడి మసకబారింది. నా గుట్టు బయటపడుతుందన్న భయంతో, "ఇది నాది కాదు, మార్చేసింది!" అని అరిచాను.

"మీరు రేపు వెళ్లిపోతారు బాబుగారూ. నేను రోజూ ఈ పడవే ఎక్కాలండీ," అంది.

అప్పటికే పక్కవాళ్లు తమ మూటల్ని ఆవిడకు దూరంగా జరుపుకుంటున్నారు.