మా నాన్న మరిచిపోయిన నవ్వు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్లీడరు అన్న మాటని తిట్టుగా వాడేవారు. కూరగాయలవాడు తూకంలో మోసం చేస్తే మా నాన్న వాణ్ణి ప్లీడరు అనేవాడు. నేను అన్నం దగ్గర ఏదైనా సాకు చెబితే ప్లీడరు మాటలు ఆపి తినమనేవాడు. దానికి కారణం ఉంది. శ్రీకాకుళం దగ్గర మా తాతయ్యకి ఉన్న కాస్త పొలం మీద దాయాదులు దావా వేశారు. తాతయ్య పెట్టుకున్న ప్లీడరు వాయిదాల పేరుతో ఏళ్ల తరబడి తిప్పి, చివరికి అవతలివాళ్లతో కలిసిపోయాడని మా నాన్న నమ్మకం. పొలం పోయింది. మీసాలైనా సరిగ్గా రాని వయసులో నాన్న రైలెక్కి ఖరగ్‌పూర్ వచ్చి, రైల్వే వర్క్‌షాపులో కలాసీగా చేరి, తర్వాత ఫిట్టరయ్యాడు. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మాకు రెండు గదుల క్వార్టరు ఇచ్చారు. అన్నీ కుదుటపడినా ఆ కోపం మాత్రం ఆయనలో చల్లారలేదు. ఆ కోపమే నాకూ వచ్చిందని మా అమ్మ అనేది. కాకపోతే అది నాలో వేరే దారి పట్టింది.

నేను ఏడో క్లాసులో ఉండగా నిమ్‌పురా షెడ్డులో పనిచేసే ఒకతను ఏదో కొట్లాట కేసులో ఇరుక్కున్నాడు. అతనికి నత్తి. నాన్న సాక్షి. అమ్మకి జ్వరంగా ఉండి, నన్ను ఇంట్లో వదలలేక నాన్న తనతోపాటు మేదినీపూర్ కోర్టుకి తీసుకెళ్లాడు. బోనులో నిలబడ్డ ఆ మనిషికి ఒక్క వాక్యం కూడా నోట్లోంచి రావడం లేదు. వెనక జనం విసుక్కుంటున్నారు. అతని ప్లీడరు మాత్రం విసుక్కోలేదు. ఒక్క మాటతో జవాబు చెప్పగల చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతూ పోయాడు. అవును, కాదు, ఇటు, అటు. అలా మొత్తం జరిగిన కథంతా అతని నోటి నుంచే బయటికి వచ్చింది. తిరుగు రైల్లో కాసాయి నది దాటుతుండగా నాన్న, డబ్బుకి నోరు అమ్ముకునే బతుకు అని ఉమ్మేశాడు. నేను మాత్రం కిటికీ పక్కన కూర్చుని, నేను కూడా ఆ పనే చెయ్యాలని నిశ్చయించుకున్నాను.

ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే, మా పక్కింటి అక్క. ఇరవై రెండేళ్లుంటాయి. వాళ్ల నాన్న కూడా మా నాన్నతోపాటు వర్క్‌షాపులోనే చేసేవాడు. అక్క ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టేది. మా రెండిళ్లకీ మధ్య ఒకే గోడ, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మిషను చప్పుడు మాకు వినబడుతూనే ఉండేది. సుభాష్‌పల్లిలో ఒక బెంగాలీ వకీలు గారింట్లో ఆడవాళ్లకి కుట్టి ఇచ్చేది. ఆయన్ని అందరూ ఉకీల్ బాబు అనేవారు. ఎనిమిదో క్లాసు చివరికొచ్చింది. తొమ్మిదిలో ఏ సబ్జెక్టులు తీసుకుంటే తర్వాత ఏ చదువుకి పోవచ్చో అప్పుడే తేల్చుకోవాలి. అక్క జాకెట్లు ఇవ్వడానికి వెళ్తూ నన్ను వెంటపెట్టుకుని వెళ్లింది.

ఉకీల్ బాబు వరండాలో కూర్చుని పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మురీ, అంటే మరమరాలు, తింటున్నాడు. అక్క నన్ను ముందుకి తోసింది. ఆయన బెంగాలీలో చెప్పింది నా మాటల్లో చెబుతాను. లా చదవడానికి స్కూల్లో ఫలానా సబ్జెక్టే ఉండాలని రూలు లేదమ్మా, డిగ్రీ అయ్యాక ఎవరైనా చదవొచ్చు, సైన్సువాళ్లూ వస్తారు. అయినా నన్నడిగితే లాజిక్ తీసుకో. ఒక మాటలోంచి ఇంకో మాట నిజంగా వస్తోందా, మనమే లాక్కొస్తున్నామా అన్నది తెలుస్తుంది. చరిత్ర, సివిక్స్ తీసుకో, ఈ చట్టాలు ఎవరు ఎందుకు చేశారో తెలుస్తుంది. ఇంగ్లీషు గట్టిగా నేర్చుకో, తీర్పులన్నీ అందులోనే ఉంటాయి. నీ తెలుగు మాత్రం పాడు చేసుకోకు, రేపు నీ దగ్గరికొచ్చేవాళ్లు అందులోనే ఏడుస్తారు.

దారంతా ఎగురుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రమే నాన్నకి చెప్పేశాను.

నాన్న కంచం ముందునుంచి లేచాడు. "ఏటి? ప్లీడరా? మీ తాత పొలం తినేసిన జాతిలో కలుస్తావేటే?" అన్నాడు. గొంతు పెద్దది కాలేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. "ఈ మాట మళ్లీ ఇన్నానంటే బడి మానిపించేస్తాను. వంటా కుట్టూ నేర్పుతారట కదా, అది సదువు, సాలు."

మా బడిలో ఆడపిల్లల విభాగంలో ఉన్నది నిజంగా అదే. వంట, కుట్టు, ఇంటి శుభ్రత. దానికి హోం సైన్స్ అని పేరు. లాజిక్ మగపిల్లల విభాగంలోనే చెప్పేవారు. అటు వెళ్లి కూర్చోవాలంటే తండ్రి స్వయంగా వచ్చి పెద్ద టీచరమ్మతో ఒప్పుకుంటున్నానని చెప్పాలి. ఇద్దరు బెంగాలీ అమ్మాయిల తండ్రులు అప్పటికే చెప్పేశారు. నేను పెరట్లోకి పోయి బొగ్గుల బకెట్టుని తన్నాను. బొగ్గులన్నీ చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరుకుంటూ ఏడ్చాను కానీ అది దుఃఖం కాదు. ఎవరి పొలమో ఎవరో తిన్నందుకు నా నోరెందుకు మూయాలి అన్న మంట.

గోడ అవతల అక్క అంతా విన్నది. రెండు రోజులాగి, అమ్మ జాకెట్టు ఇచ్చే మిషతో వచ్చింది. నాన్న గుమ్మంలో కూర్చుని సైకిలు చైనుకి నూనె రాస్తున్నాడు. నేను తలుపు వెనక ఉన్నాను.

"బాబాయ్, లాజిక్కంటే టీచరమ్మల సబ్జెక్టు. అది సదివినోళ్లకే ట్రైనింగులో సీటు ముందిస్తారట. ఉకీల్ బాబు ఇంట్లో సెప్పినారు" అంది.

నాన్న చెయ్యి ఆగింది. "ప్లీడరు గొడవ వదిలేసినాదా మరి?"

"ఎప్పుడో వదిలేసినాది. సిన్నపిల్ల, ఏదో అనేసినాది."

నాన్న మొహం విచ్చుకుంది. శనివారం ఉతికిన చొక్కా వేసుకుని బడికి వెళ్లి, మా అమ్మాయి మగపిల్లల వైపు కూర్చుని లాజిక్ చదువుతుంది, నాకు అభ్యంతరం లేదు అని చెప్పి వచ్చాడు. నేను కోరుకున్నది నా చేతికి వచ్చేసింది. కానీ నాకు ఒళ్లు మండిపోయింది. సరాసరి అక్క దగ్గరికి వెళ్లి, ఎందుకలా చెప్పావని నిలదీశాను.

అక్క మిషను ఆపలేదు. "తలుపు కొట్టి కొట్టి సేతులు నొప్పెట్టుకోవడం కన్నా పెరటి వైపునుంచి పోతే ఏటి నష్టం? లోపలికెళ్లాక ఎవులూ అడగరు."

"ప్లీడర్లంటే అబద్ధాలోళ్లని నాన్న అంటాడు. రేపు నువ్వూ అబద్ధం మీదే వచ్చినావంటే ఏటి సెప్పమంటావు?"

"అప్పుడు సెప్పుకో. ముందు సదువు" అంది అక్క. ఆమె గొంతులో ఏదో గరుకుగా తగిలింది. అది నా మీద కోపమనుకున్నాను.

సోమవారం వర్క్‌షాపు సైరను మోగాక నాన్న ఇంటికి వస్తూ రసగుల్లాలు తెచ్చాడు. వర్క్‌షాపులో అందరికీ చెప్పేశాడట, మా గుంట టీచరమ్మ అవుతాదని. వాళ్లంతా సంతోషించారట. చేతుల మడ్డి కడుక్కుని, తనే ఒక రసగుల్లా తీసి నా నోట్లో పెట్టాడు. అది మింగడం నా వల్ల కాలేదు. ఎవరో లేని టీచరమ్మకి పెడుతున్నట్టుంది. నోట్లోది చేతిలోకి తీసి, "నాన్నా, నేను టీచర్ని అవను. లాజిక్ ప్లీడరు అవడానికే" అన్నాను.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది. నాన్న రసగుల్లాలని పక్కకి నెట్టాడు. తర్వాత అన్నాడు, "మరి ఎందుకు సెప్పినావు? నోరు మూసుకుంటే నాకు తెలిసేది కాదు కదా."

"నువ్వు ప్లీడర్లందరూ అబద్ధాలోళ్లన్నావు. నేను అబద్ధంతో మొదలెట్టను."

ఆ మాటతో ఆయన రేగిపోయాడు. నలుగురిలో తన పరువు తీశానన్నాడు. రేప్పొద్దున్నే బడికెళ్లి పేరు కొట్టించేస్తానన్నాడు. ఈ కట్టుకథ ఎవరు అల్లారని గట్టిగా అడిగాడు. నేను చెప్పలేదు. నా జుట్టు ముడి ఊడిపోయేలా భుజం పట్టి కుదిపినా చెప్పలేదు. అప్పుడు గోడ అవతల మిషను ఆగిపోయింది. అక్క పెరటి దారిన లోపలికి వచ్చింది.

"అల్లింది నాను, బాబాయ్. దాన్నొదలండి" అంది.

నాన్న నా భుజం వదిలి అటు తిరిగాడు. పెళ్లి కావలసిన పిల్లవి, ఇంకొకరి ఇంట్లో ఇలాంటి పనులేమిటని మొదలుపెట్టాడు. అక్క ఆయన ముగించేదాకా నిలబడింది. కొంగు సర్దుకోలేదు, తల దించలేదు. ఆయన ఆయాసపడి ఆగాక మాట్లాడింది. గొంతు ఏమాత్రం పెంచలేదు.

"నానూ ఎనిమిది పాసయినప్పుడు నిజమే సెప్పినాను బాబాయ్. నాకు లెక్కల్లో క్లాసులో అందరికన్నా ఎక్కువ వచ్చినాయి. లెక్కలు తీసుకుంటానని మా నాన్నని అడిగినాను. మా వరండాలోనే. మా నాన్న వెంటనే కాదనలేదు, ఆలోసిస్తన్నాడు. మీరు అక్కడే మంచం మీద కూకున్నారు. మీరు నవ్వినారు. లెక్కలు సదివి ఇంజను నడుపుతావేటే అన్నారు. మీరు నవ్వితే మిగతావోళ్లూ నవ్వినారు. వోళ్లు నవ్వితే మా నాన్నా నవ్వేసినాడు. అంతే, అయిపోనాది. నన్ను ఎవులూ తిట్టలేదు, కొట్టలేదు. నవ్వేసి టీ తాగినారు. అప్పటినుంచి జాకెట్లు కుడతన్నాను. నిజం సెప్తే ఏటవుతాదో నాకు తెలుసు గనకే దీనికోసం అబద్ధం ఆడినాను."

నాన్న ఆమెనే చూస్తున్నాడు. "నాను నవ్వినానా?" అన్నాడు. బుకాయింపు కాదు. నిజంగానే ఆయనకి గుర్తు లేదు. నాకు ఆ క్షణంలో అన్నిటికన్నా ఎక్కువ కోపం వచ్చింది అందుకే. ఒక మనిషి బతుకు మళ్లించి, దాన్ని గుర్తుకూడా పెట్టుకోలేదు.

"మీకు గుర్తుండదు. నాకుంది" అంది అక్క.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ, అప్పటిదాకా పలకని అమ్మ, చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "నవ్వినారు. నానూ అక్కడే ఉన్నాను. ఆ టీ పెట్టింది నానే" అంది.

నాన్న మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. "ఆడోళ్లంతా కలిసి నన్ను బోనెక్కించినారు" అని, చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. అక్క కూడా వచ్చిన దారినే వెళ్లిపోయింది. కాసేపటికి మిషను మళ్లీ మొదలైంది.

మర్నాడు పొద్దున్న ఆయన బడి వైపు వెళ్తాడా, వర్క్‌షాపు వైపు వెళ్తాడా అని గుమ్మంలో కాచుకుని కూర్చున్నాను. నాన్న టిఫిను క్యారేజీ సైకిలుకి తగిలించుకున్నాడు. నా వైపు చూడకుండానే, "ఆ మగపిల్లల్లో కూకున్నప్పుడు ముందు బెంచీలో కూకో" అని, వర్క్‌షాపు దారి పట్టాడు.

నేను లాజిక్, చరిత్ర, సివిక్స్ చదివాను. తర్వాత కలకత్తాలో లా చదివి, మేదినీపూర్ కోర్టులోనే చాలా ఏళ్లు వాదించాను. నాన్న ఒక్కసారి కూడా కోర్టుకి రాలేదు కానీ, ఇంట్లో ప్లీడరు అన్న మాటని తిట్టుగా వాడడం మానేశాడు. అక్కతో ఆయన చివరిదాకా ఆ సంగతి ఎత్తలేదు. తప్పయిందని అనలేదు. పెద్దవాళ్లని నిలదీసిందని వాళ్లింట్లోనే అక్కని చీవాట్లు పెట్టారు. ఏడాది తిరక్కుండా చక్రధర్‌పూర్ సంబంధం చేసి పంపేశారు. మిషను వెంట తీసుకెళ్లింది. ఎప్పుడైనా కలిసినప్పుడు నా కేసుల సంగతులు ఆసక్తిగా అడిగేది. లెక్కల మాట నేనూ ఎత్తలేదు, ఆమే ఎత్తలేదు.

నాకు కోపం ఎక్కువని కోర్టులో పేరు. కానీ ఆ కోపంతో ఎప్పుడూ అరవలేదు. ఎవరు, ఎక్కడ, ముందు ఏమన్నారు, తర్వాత ఏం జరిగింది అని వరసగా చెప్పుకుంటూ పోయేదాన్ని. అవతలివాడు ఆయాసపడి ఆగేదాకా ఆగేదాన్ని. అది నాకు ఏ లాజిక్ పుస్తకమూ నేర్పలేదు. మా వంటింట్లో నిలబడి అక్క మాట్లాడుతుంటే నేర్చుకున్నాను.

ఇప్పుడు నేను కోర్టుకి వెళ్లడం లేదు. అయినా అప్పుడప్పుడు ఎవరో ఒక ఆడపిల్ల వచ్చి, లాయరు కావాలంటే ఏ సబ్జెక్టులు తీసుకోవాలి అమ్మమ్మా అని అడుగుతుంది. ఉకీల్ బాబు చెప్పినవన్నీ చెబుతాను. చెప్పాక, నువ్వు ఈ మాటంటే ఎవరు నవ్వారు అని అడుగుతాను. ఎవరూ నవ్వలేదు అని ఇంతవరకూ ఒక్క పిల్లా చెప్పలేదు. కాసేపు నేల చూసి, ఒక పేరు చెబుతారు. ఆ పేరు విన్నప్పుడు నాకు ఈ వయసులో కూడా ఒళ్లు మండుతుంది.