యోలితాకు తెలిసిన చోటు

గురువారం సాయంత్రం ఇంగ్లీషు క్లాసులో దంగువోలె తన భర్త నోట యోలితా పేరు వింది. పెళ్లికి ముందు అలవాటుగా ఏం చేసేవారో ఇంగ్లీషులో చెప్పమని టీచరు అడిగింది. కలప లారీ నడిపే ఆమె భర్త రిమ్విదాస్ లేచి, ఏటా సెప్టెంబరులో యోలితాతో కలిసి అడవికి పుట్టగొడుగులు కోయడానికి వెళ్లేవాణ్ణని తప్పు లేకుండా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా ఊరు వారేనాలో పుట్టగొడుగులు దొరికే చోటు ఎవరిది వాళ్లు రహస్యంగా ఉంచుకుంటారు. తండ్రి చూపించిన చోటు ఇంకెవరికీ చూపించనని అతను పన్నెండేళ్లుగా భార్యతో అంటున్నాడు.

"ఎప్పటి మాటో అది. యోలితాతో ప్రేమ పెళ్లికి ముందే అయిపోయింది కదా," అన్నాడు ఇంటికెళ్లే దారిలో.

"అయిపోతే అయిపోయింది. ఆవిడకి ఆ చోటు తెలుసా?"

"తెలుసు."

"మరి కట్టుకున్నదానికి?"

అతను నడక వేగం పెంచాడు.

"ఇంగ్లీషులో బాగానే చెప్పావులే. నాకు మాత్రం ఏ భాషలోనూ చెప్పలేదు."

శనివారం తెల్లవారేసరికి ఆమె బూట్లు తొడుక్కుని, బుట్ట ఒళ్లో పెట్టుకుని కారులో కూర్చుంది. అతను ఆ చోటికి తీసుకెళ్లాడు. పైన్ చెట్ల కింద నాచులో పుట్టగొడుగుల్లేవు, అప్పుడే కత్తితో కోసిన మొదళ్లే ఉన్నాయి.

"మీ యోలితా ఇంకా వస్తోంది," అంటూ దంగువోలె వంగి వాటిని లెక్కపెట్టింది. పదకొండు.