వీడియో కాల్ అంగి

ఏడో తరగతి మధ్యలో నేను బడి మానేసిన రోజు మా లెక్కల సారు తలనొప్పి మాత్ర వేసుకోలేదట. నా చదువు వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అదొక్కటే. అలాంటి నా మీద ఒక కాలేజీలో ప్రాజెక్టు నడిచిందంటే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు.

ప్రాజెక్టు మా బిడ్డది. మా జిల్లా డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చదువుతోంది. ఇప్పటి సామాజిక సమస్య ఏదైనా తీసుకుని, ఊళ్ళు తిరిగి విషయం సేకరించి, క్లాసు ముందు నిలబడి చెప్పాలి. తను గల్ఫ్ వలస తీసుకుంది.

"దుబాయ్ సంగతి నాకంటె ఎవలికి ఎర్క బాపు? సమస్య మనింట్లనే ఉన్నది," అంది ఫోనులో.

"సమస్యంటే నేనేనా బిడ్డా?"

"మరి అమ్మనా?"

నేనుండేది ఖతర్‌లో. మా వైపు మాత్రం సముద్రం దాటితే ఏదైనా దుబాయే.

అప్పటికి మా కంపెనీ మూతపడి నెలలవుతోంది. ఓనరు మొదట్లో ఫోనెత్తి 'బుక్రా' అనేవాడు, రేపు అని. తర్వాత ఎత్తడమే మానేశాడు. మా ఐడీ కార్డుల గడువు అయిపోయింది. కార్డు లేనివాడు కొత్త డ్యూటీకీ పనికిరాడు, ఇంటికి పోయే విమానానికీ పనికిరాడు. మేముండే లేబర్ క్యాంపుకి కరెంటు తీసేశారు. ఫోన్లు మూలమీద సెలూన్లో చార్జింగ్ పెట్టుకునేవాళ్ళం. పక్క క్యాంపు నేపాలీలు అన్నం గిన్నె తెచ్చి గుమ్మంలో పెట్టి, మాకు సిగ్గుగా ఉంటుందని మొహం చూడకుండా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇందులో ఒక్క ముక్క ఇంటికి చెప్పలేదు. మా నాయన మంచాన పడ్డప్పుడు నేను బడి మానేశాను. నా సంగతి తెలిస్తే బిడ్డ కూడా కాలేజీ మానేసి ఏ బట్టల దుకాణంలోనో పొద్దంతా నిలబడుతుంది. నా భయమంతా అదే.

అందుకే ఆ అంగి. గదిలో నలుగురం, పక్కపక్క ఊళ్ళవాళ్ళం. నీలం మీద తెల్లగీతల అంగి ఒకటి మేకుకి వేలాడేది. వీడియో కాల్ చేసేవాడు అది తొడుక్కుని, మూసేసిన క్యాంపు ఆఫీసు తెల్లగోడ ముందు నిలబడి మాట్లాడాలి. గోడకి ఆనుకోకూడదు, సున్నం అంటుతుంది. మాట్లాడటం అయిపోగానే విప్పి మేకుకి తగిలించాలి. ఒకసారి దాన్ని ఉతికి ఆరేశామో లేదో, మాలో పెద్దవాడైన అన్నకి ఇంటినుంచి ఫోనొచ్చింది. తడిదే తొడుక్కున్నాడు. "గింత చెమటేంది, ఏసీ లేదా?" అని వదిన అడిగితే "ఇప్పుడే జిమ్ముకు పోయొచ్చిన" అన్నాడు. ఖాళీ కడుపులు పట్టుకుని నవ్వాం.

డ్యూటీ ఉన్న రోజుల్లో నేను దోహా నడిబొడ్డున ముషైరిబ్‌లో అద్దాల మేడల ముందు నిలబడి "ఇదే మా ఆఫీసు" అనేవాణ్ణి. మరీ అబద్ధం కాదు, అక్కడి నేల మీద పరిచిన రాళ్ళు కొన్ని నేను మోసినవే. ఇప్పుడు అంత దూరం వెళ్ళాలంటే దారిలో ఎవరు కార్డు అడుగుతారోనని భయం.

బిడ్డ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఎక్కడ పంటరు, ఏం తింటరు, పని ఎట్లుంటది. అన్నిటికీ జోకులే నా జవాబు.

"వద్దన్నా పెడుతున్నరు బిడ్డా, పొట్ట పెరుగుతదని భయమైతుంది."

"బాపు, నేను నిజంగ రాసుకుంటున్న."

"రాసుకో. పొట్ట అని రాయి."

ఫోను పెట్టేసింది. వారం దాకా చేయలేదు. ఆ వారం నేను గదిలో ఒక్క జోకూ వేయలేదు. "ఏందిర, నీ నోరు కూడ మూతపడ్డదా, కంపెనీ లెక్క?" అన్నాడు అన్న.

మళ్ళీ ఫోను మోగగానే అంగి తొడుక్కుని గోడ దగ్గరికి పరిగెత్తాను. తను పలకరించలేదు.

"ఆ అంగి ఎవలిది బాపు?"

నా దగ్గర నిజం దొరక్క, గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, ఆడవాళ్ళ ఫోన్లలో దాచుకున్న వీడియో కాల్ ఫొటోలు అడిగి తీసుకుందట. నాలుగు ఊళ్ళు, నలుగురు మగవాళ్ళు, ఒకే అంగి. అన్నిట్లోనూ రెండో గుండీ ఎర్రదారంతో కుట్టి ఉంది. తెల్లదారం దొరక్క అలా కుట్టింది నేనే.

నవ్వబోయాను, రాలేదు. "కరెంటు లేదు బిడ్డా," అన్నాను. ఆ మాట వెనకే మిగతావన్నీ వచ్చేశాయి. కంపెనీ, కార్డు, నేపాలీల గిన్నె. గోడకి చేరగిలబడ్డాను, సున్నం అంటితే అంటిందని. "నువ్వు మాత్రం కాలేజీ బంద్ చెయ్యకు. నీ కాళ్ళు మొక్కుత."

"రేపు క్లాసుల చెప్పాలె," అని పెట్టేసింది.

మర్నాడు పొద్దంతా సెలూన్లో ఫోను పక్కనే కూర్చున్నాను. సాయంత్రం చేసింది. ఫొటోల్లో మొహాలు కత్తిరించి, నాలుగు అంగీలే తెర మీద చూపించిందట. ముందు అందరూ నవ్వారట. తర్వాత వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మా బాపు కూడ ఎప్పుడు జూసినా ఒక్క గోడ ముందటనే ఉంటడు," అందట. ఇంక ఎవరూ నవ్వలేదు.

"మార్కులు నాకు పడ్డయా, అంగికి పడ్డయా?" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది. ఆ వెంటనే ఉండబట్టలేక అడిగాను: "కాలేజీ బంద్ చేస్తవా బిడ్డా?"

"బడి బంద్ చేసినోడు ఎట్లుంటడో ప్రాజెక్టు చేసి మరీ చూసిన బాపు, నేనెందుకు బంద్ చేస్త? ఇగ జోకులు ఆపి, నువ్వు ఇంటికి ఎట్లొస్తవో అది చెప్పు."