ఖాళీ బిందెలతో ఎదురెళ్ళిన రోజు

మొన్న బిష్టుపూర్ వైపు ఆటోలో వెళ్తుంటే ఒక హోటల్ ముందు పార్టీ జెండాలు కనబడ్డాయి. ఎన్నికల్లో ఎందుకు ఓడారో లోపల ఆత్మపరిశీలన చేసుకుంటున్నారని డ్రైవరు చెప్పాడు. ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. ఆ పని అదే పార్టీకి మా అత్తగారు ఏనాడో చేసి చూపించారు.

నేను ఈ హిందీవాళ్ళ ఊళ్ళో భాలుబాసా పేటకి కోడలిగా వచ్చిన కొత్తలో మా తెలుగువాళ్ళ వీధికి కుళాయి లేదు, ట్యాంకరు వస్తేనే నీళ్ళు. అప్పుడు ఎమ్మెల్యేకి నిలబడ్డాయన మా గుట్టు తెలిసినవాడు. బొట్టు పెట్టి పిలిస్తే తెలుగింట కాదనరని కనిపెట్టి, మా అత్తగారి చేత కుంకుమ భరిణె పట్టించి ఇంటింటికీ పంపాడు. గెలిస్తే కుళాయి అని ఆయన మాట, ఆ మాటకు పూచీ తనదని అత్తగారి మాట. ఆవిడ వెనకాల నేనూ తిరిగాను. ఆయన గెలిచాడు, కుళాయి మాత్రం ఆయన బావమరిది ఇంటిముందు వెలిసింది.

నాయకుణ్ణి ఎవరడుగుతారు? ట్యాంకరు దగ్గర అందరూ మా అత్తగారినే పట్టుకున్నారు. “ఏటమ్మా, నువ్వెట్టిన బొట్టుకి నీళ్ళేవి?” అని ముఖానే అడిగారు. ఆఖరికి పక్కింటావిడ కూతురి పెళ్ళికి వీధంతా బొట్టు పెట్టి పిలుస్తూ మా గుమ్మం దాటి వెళ్ళిపోయింది. పెళ్ళినాడు సన్నాయి వినబడుతుంటే అత్తగారు తలుపేసుకుని బియ్యం ఏరుతూ కూర్చున్నారు. ఈ ఎమ్మెల్యేగాణ్ణి వదలకూడదని నేను అప్పుడే అనుకున్నాను.

ఐదేళ్ళు ఓపిక పట్టాం. ఆయన మీద జనం మండిపడుతున్నారని తెలిసి, మళ్ళీ టిక్కెట్టు ఇవ్వాలా వద్దా కనుక్కోమని పార్టీ రాంచీ నుంచి ఒక పెద్దమనిషిని పంపింది. ఆ పెద్దమనిషి పెట్టే సభలో తనను పొగడడానికి ఆడవాళ్ళను పోగుచేయమని ఎమ్మెల్యే మళ్ళీ మా అత్తగారికే కబురంపాడు, చేసిన తెలివితక్కువ పని అదే. ఆవిడ సరేనన్నారు. ఇద్దరం గడపగడపకీ వెళ్ళాం. కొందరు బొట్టుకి నుదురు చూపలేదు గాని, ఈసారి పిలుపు దేనికో విన్నాక కాదన్నవాళ్ళు లేరు.

సభకు ఆయన తెల్లబట్టల్లో బయల్దేరేసరికి, వీధిలోని ఆడవాళ్ళమంతా చంకన ఖాళీ బిందెలతో ఎదురెళ్ళాం. ఆ శకునం హిందీవాళ్ళకీ తెలుసు. అలాగే సభలోకి నడిచాం. రాంచీ పెద్దమనిషి ముందు అత్తగారు తెలుగులో చెప్పారు, నేను హిందీలో వినిపించాను. “బాబూ, ఈయన మాటకి నాను పూచీ పడ్డాను. తప్పు నాదే, ఒప్పుకుంతన్నాను. మరి ఈయన తప్పేటో ఈయన్ని చెప్పమనండి.”

ఆయన ముఖం నల్లబడింది. టిక్కెట్టు పోయింది. వారం తిరక్కుండా పక్కింటావిడ బొట్టు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. సభలో నల్లబడ్డ ఆయన ముఖం తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు చల్లగా ఉంటుంది, పాపమైతే అవనీ.

ఇప్పుడు ఇంటింటా కుళాయి ఉంది. నీళ్ళ దగ్గర నలుగురం కలిసి ఒకణ్ణి తిట్టుకునే రోజులూ పోయాయి, ఒకరి మాటకు ఇంకొకరు పూచీ పడే రోజులూ పోయాయి. జనం వద్దన్న నాయకుడు మరో పార్టీ కండువా కప్పుకుని అవే పళ్ళు ఇకిలిస్తూ వస్తాడు. మావాడూ అదే చేశాడు. తప్పన్న మాట చివరిదాకా ఆయన నోట రాలేదు. పోయినేడు ఆయన పోతే, కుళాయి ఇవ్వనివాడికి మా వీధి వీధంతా వెళ్ళి దండలు వేసింది. మా అత్తగారుంటే ఆవిడా వెళ్ళేవారేమో. నేను వెళ్ళలేదు.