హీరోగారి ముందు తెరుచుకోని లాప్‌టాప్

హైదరాబాదంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడ్డ రోజులవి. నాకు కంప్యూటర్ వచ్చన్న ఒక్క కారణానికే ఫిల్మ్ నగర్‌లో ఒక డైరెక్టర్‌గారు నన్ను అసిస్టెంట్‌గా పెట్టుకున్నారు.

ఒక ఉదయం జూబ్లీహిల్స్‌లో ఓ కుర్ర హీరో ఇంటికి కథ చెప్పడానికి వెళ్లాం. “మిమ్మల్ని మనసులో పెట్టుకునే రాశానండీ” అంటూ మా సార్ తన పాత లాప్‌టాప్ నా చేత ఆన్ చేయించారు. ఏడాదిగా మూలపడి ఉన్న ఆ లాప్‌టాప్ మొదట్లోనే పాస్‌వర్డ్ అడిగింది. సార్ మరిచిపోయానన్నారు.

“నా కోసమే రాశారుగా, నా పేరే అయ్యుంటుంది. కొట్టు తమ్ముడూ” అని హీరోగారు నవ్వారు.

కొట్టాను. తప్పని వచ్చింది. గుర్తొచ్చినవన్నీ కొట్టాను, అవీ తప్పే. ఇంకొక్కసారి తప్పితే లాప్‌టాప్ లాకైపోతుంది. అరచేతులకు చెమటలు పట్టాయి. సార్ వైపు చూస్తే ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన మరిచిపోలేదు, చెప్పలేకపోతున్నారు!

అంతకుముందు ఏడాది ఇదే కథను కాదన్నాడని సార్ చెప్పిన పెద్ద హీరో గుర్తొచ్చాడు. దేవుడా అనుకుంటూ ఆ హీరో పేరు కొట్టాను. తెరుచుకుంది.

“ఇంతకీ ఏంటి పాస్‌వర్డ్?” అన్నారు హీరోగారు.

“మీ పేరే సార్. ఇందాక నేనే తప్పు కొట్టిన” అన్నాను.

కథంతా విన్నారు. సార్ కారెక్కాక హీరోగారు నా భుజం మీద చెయ్యేసి మెల్లగా అన్నారు: “సినిమా చేద్దామని చెప్పు. నువ్వు కొట్టింది చూశాలే, ముందు ఆ పెద్ద హీరో పేరు తీసేసి నా పేరు పెట్టమను.”

ఇప్పటికీ ఏ కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగినా నా అరచేతులు తడుస్తాయి. మనిషి పేరు మాత్రం ఎన్నడూ పెట్టను.