అంచు పువ్వు కోసం బిగించిన పెట్టె

నేత సంఘం వాళ్లు మగ్గాలకు కొత్త పెట్టె బిగిస్తున్నారని, ఇక చీర అంచులో పువ్వులు సులువుగా వస్తాయని నాకు మొదట చెప్పింది మా చిన్నాడబిడ్డ. దేవుడి దయ అనుకున్నాను.

తర్వాత మెట్‌పల్లి నుంచి కరీంనగర్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న నేతవారి ఇంటి ఆమె ఒళ్లో అలాంటి చీరే కనిపించింది.

"పువ్వు ఎంత సక్కగున్నదక్కా!" అన్నాను.

ఆమె చీర మడత విప్పి, నా వేలు పట్టుకుని నడుమనున్న చిల్లులో దూర్చింది.

"అంచు పోగులు లేపెటందుకు పెట్టె పెట్టిండ్రు. అది లేపినప్పుడల్లా నడుమ పోగులను సుత గుంజి తెంపుతున్నది. పాత మగ్గం మీద గిట్ల ఎన్నడన్న అయిందా? పెట్టె తియ్యుండ్రి అంటే, నీ మొగనికి నేసుడు రాదు, మగ్గం గుంజుకుంటం అంటుండ్రు సంఘమోళ్లు. పువ్వుకు దండలేమో పెట్టె తెచ్చిన సార్లకు, చిల్లుకు దొంగ మా ఆయననా?"

"గిప్పుడు ఎటు పోతున్నవక్కా?"

"కరీంనగర్ల చేనేత ఆఫీసు పెద్దసారు బల్ల మీద ఈ చీర పరుస్త. ఆయన ఏలు సుత దూరుస్త!"

ఆ సారు చూశాడో, గెంటించాడో నాకు తెలియదు. మగ్గం నిలిచిందో లేదో తెలియదు. ఆ అంచులను మెచ్చుకునే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. దీపం పెట్టే వేళ మేలు చేసినవారిని తలచుకునే అలవాటు మీకుంటే, ఆ చిల్లును పెద్దసారుకు చూపించబోయిన, పేరు తెలియని ఆమెను కూడా తలచుకోండి.