ఇస్త్రీ చేసిన బైబిల్

సంపూర్ణమ్మ పోయాక ఆవిడ మంచం, బీరువా ఎవరు పట్టుకుపోయినా కూతురు తబితకు బాధ కలగలేదు. బైబిల్ మాత్రం తమ్ముడి భార్య చిట్టెమ్మకు దక్కింది. "నీకు చదవడం రాదు కదక్కా, ఏం చేసుకుంటావ్?" అన్నాడు తమ్ముడు. ఏడాది కావస్తున్నా ఆ మాట చేపముల్లులా గొంతులో గుచ్చుకుంటూనే ఉంది.

నిజానికి సంపూర్ణమ్మకూ అక్షరం ముక్క రాదు. చర్చిలో విన్న వాక్యం మనసుకు పట్టిందంటే, పక్కావిడ చేత ఆ పేజీ తీయించి మూల మడిచేది. భీమవరం దగ్గర రొయ్యల షెడ్డులో తల్లీకూతుళ్లు పక్కపక్కన నిలబడి ఇరవై ఏళ్లు రొయ్యలు ఒలిచారు. ఐసుకు వేళ్లు కొంకర్లు పోతుంటే తల్లి వాక్యం ఎత్తుకునేది, కూతురు అందుకునేది.

ఇప్పుడు ఆ బైబిల్‌ని గులాబీరంగు జిప్పు కవరులో పెట్టుకుని, ఇంటర్ చదివిన చిట్టెమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. వెనక చాపమీదున్న తబితకు ప్రసంగం చెవికెక్కదు, ఆ జిప్పు చప్పుడే వినపడుతుంది. ఆటో బోల్తాపడి భర్త కాలు విరిగి మంచమెక్కిన దగ్గర్నుంచి ఆ కుళ్లు మరీ ఎక్కువైంది. అమ్మ బైబిల్ ఇంట్లో ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో అనుకునేది.

మంగళవారం చిట్టెమ్మ షెడ్డు గేటు దగ్గరికొచ్చింది.

"వదినగారూ, ఎల్లుండి అత్తయ్యగారి జ్ఞాపకార్థ కూడికలో ఆవిడకిష్టమైన వాక్యాలు నన్ను చదవమన్నారండి పాస్టరుగారు."

"చదువు. చదువుకున్నదానివేగా."

"నీటుగా ఉంటుందని మడతలన్నీ ఇస్త్రీపెట్టెతో సాపు చేసేశానండి. ఏవి ఎక్కడున్నాయో ఒక్కటీ తెలీట్లేదు."

తబితకు లోపల పండగైంది. "ఇస్త్రీ చేశావా? గంజి కూడా పెట్టకపోయావా?" అంది. "చెప్తాను. బైబిల్ నాకిచ్చెయ్."

"ఇవ్వనండి. మాట పడిపోయాక ఆర్నెల్లు ఆవిడకి ముద్ద పెట్టిందీ, గుడ్డలు మార్చిందీ నేను. మీరు వారానికోసారి వచ్చేవారు."

అది నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది. "అయితే వెతుక్కో" అని తబిత లోపలికెళ్లిపోయింది.

గురువారం షామియానా కింద చిట్టెమ్మ పేజీలు తిప్పుతూ చెమటలు కక్కుతోంది. తిప్పు, బాగా తిప్పు అనుకుంది తబిత. అంతలో ఒక ముసలావిడ పక్కావిడతో, "ఏడాదికే సంపూర్ణమ్మ వాక్యం ఎవరికీ గుర్తులేదన్నమాట!" అంది.

తబిత దిగ్గున లేచింది. "ఎందుకు లేదు? కీర్తనలు నూట ఇరవై ఒకటి! కొండలకేసి కళ్లెత్తుతాను, నాకు సాయం ఎక్కణ్ణుంచొస్తుందీ అనేది మా అమ్మ. మనకి కొండలేవే, చెరువు గట్లు తప్ప అనేది. అయినా ఎత్తవే తలా అనేది!"

అందరూ నవ్వారు. చిట్టెమ్మను ఓడించాలనే మొదలుపెట్టింది కానీ, రెండో వాక్యానికొచ్చేసరికి ఆ పట్టుదల జారిపోయింది. అమ్మ పోయాక వాటిని పైకి అనడం ఇదే మొదటిసారి. ఆ పుస్తకం మీద ఏడుపులో పడి ఏడాదిగా నోరే తెరవలేదు. మూడోది చెప్పింది, నాలుగోది చెప్పింది. రేపు ఆసుపత్రికి భర్తను ఎలా తీసుకెళ్లాలా అన్న దిగులు కూడా కాస్త తేలికైంది.

టీలు ఇస్తుంటే చిట్టెమ్మ పెన్సిల్ పట్టుకుని పక్కన చేరింది. "మిగతావి కూడా చెప్పండి వదినగారూ, గుర్తు పెట్టుకుంటాను."

"ఇక్కడ కాదు. రోజూ సాయంత్రం బైబిల్ పట్టుకుని మా ఇంటికి రా. రోజుకొకటి చెప్తాను."

"మొత్తం ఎన్నుంటాయండి?"

అమ్మ మడిచినవి నలభైకి మించవు.

"మూడొందలు" అంది తబిత.